మంచులో తేనెపెట్టె

2018 ఏప్రిల్‌లో పడ్డ మంచు గురించి అమెరికాలో మా మినియాపోలిస్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి ఉగాది వెళ్లి నెల కావస్తోంది. చలికాలం అయిపోయిందని అందరం బరువు కోట్లు లోపల పెట్టేశాం. 13వ తేదీ శుక్రవారం మొదలైన మంచు ఆదివారం దాకా వదల్లేదు. అడుగుకు పైనే పడింది. పెరట్లో నేను కొత్తగా రంగేసి పెట్టుకున్న తేనెపెట్టె సగం దాకా కూరుకుపోయింది. వంటింటి కిటికీ దగ్గర నిలబడి దాన్నే చూస్తూ ఉండిపోయాను. వచ్చే శనివారానికి పదివేల తేనెటీగలు కాలిఫోర్నియా నుంచి లారీలో వస్తున్నాయి. వాటికి డబ్బు కట్టి మూడు నెలలైంది.

"వాయిదా వెయ్యమని అడగరాదా" అంది మా ఆవిడ. అడిగాను. అక్కడ బాదం తోటల్లో పూత అయిపోయింది, ఈగలు పెట్టెల్లో పట్టనన్ని అయ్యాయి, డబ్బాల్లోకి దులిపేశారు, ఇక ఆగేది లేదన్నారు. నాకు ఒకటే టెన్షన్. కంచె దాటి పక్కింటి పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

ఈ పిచ్చి నాకు అంటించింది ఆయనే. డెబ్బై దాటిన మనిషి. వాళ్ల తాతలు నార్వే నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. నలభై ఏళ్లుగా ఈగల్ని పెంచుతున్నారు. మేం ఆ ఇంట్లోకి దిగిన మొదటి శరదృతువులో కంచె మీద నుంచి ఒక సీసా తేనె ఇచ్చారు. లేత రంగు, నాలుక చివర పుదీనా తగిలినట్టు చిన్న చలవ. బాస్‌వుడ్ చెట్టు పూల తేనె అని చెప్పారు. ఆ రాత్రి ఒక చెంచా నోట్లో వేసుకుని వంటింట్లో లైటు కూడా వెయ్యకుండా నిలబడ్డాను. రుచి వేరే, కానీ గుర్తొచ్చింది మాత్రం మా అవ్వ.

మాది ఆత్మకూరు దగ్గర పల్లె. అప్పట్లో కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా అయింది. తూర్పున నల్లమల. వేసవి మొదట్లో చెంచు తాత ఒకాయన అడవిలో నుంచి తేనె తెచ్చేవాడు. అవ్వ ఆయనకు జొన్నలు కొలిచి పోసి తేనె పోయించుకునేది. కొండ చరియలకు వేలాడే పెద్ద తేనె ఒక రకం, చెట్ల తొర్రల్లోనూ పుట్టల్లోనూ దొరికే పుట్టతేనె ఇంకో రకం, పొదల్లో అరచెయ్యంత పెర పెట్టే జుంటితేనె మరో రకం. మూడింటినీ వాసన చూసి చెప్పేది అవ్వ. పుట్టతేనె మాత్రం ఎవరికీ పెట్టకుండా చిన్న జాడీలో అటక మీద దాచేది. దగ్గొస్తే మిరియాల పొడిలో కలిపి నాకించడానికే ఆ జాడీ కిందికి దిగేది. దగ్గు రాకపోయినా దగ్గేవాణ్ని నేను.

పుట్టలో బతికే ఆ ఈగ చిన్నది, నల్లచారలది. అదీ, ఇక్కడ పెంచే ఈగా దగ్గరి చుట్టాలు. చీకటి తొర్రలో ఒకదాని పక్కన ఒకటి వరసగా పెరలు కట్టడం రెండింటికీ అలవాటు. అందుకే రెండూ పెట్టెలో ఇముడుతాయి. ఇక్కడి ఈగ కూడా అమెరికాది కాదు. 1622లో ఇంగ్లండు నుంచి ఓడలో వర్జీనియాకు వచ్చింది. ఈ విషయం తెలిసిన రోజు దాని మీద నాకు అభిమానం ఇంకాస్త పెరిగింది.

మంచులో కంచె దాటి వెళ్తే పెద్దాయన కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు. "ఈగలకు చలంటే భయం లేదు. ఆకలంటేనే భయం. నా పాత పెట్టెలోవి రెండు ఫ్రేములు తేనె ఇస్తాను, ఇంకేం ఆలోచించకు" అన్నారు. ఫ్రేమంటే పెట్టెలో వేలాడే చెక్క చట్రం, ఈగలు పెర కట్టేది దానిలోనే.

శనివారం వెళ్లి తెచ్చాను. చెప్పుల పెట్టె కంటే కాస్త పెద్దది, రెండు పక్కలా సన్నటి జాలీ. లోపల మూడు పౌన్ల ఈగలు, అంటే కేజీన్నరకు కాస్త తక్కువ. నడిమధ్యలో చక్కెర నీళ్ల డబ్బా వేలాడుతోంది. దాన్ని పట్టుకుని అన్నీ ఒక్క ముద్దగా, ద్రాక్షగుత్తిలా ఉన్నాయి. కారు వెనక సీట్లో పెట్టి బెల్టు బిగించాను. హీటరు వెయ్యొద్దని పెద్దాయన ముందే చెప్పారు, వేడెక్కితే చెదిరి అల్లాడతాయట. చేతులు కొంకర్లు పోతుంటే గంటసేపు బండి నడిపాను. రోడ్డుకు రెండు వైపులా తోసేసిన మంచు ఇంకా గుట్టలుగా ఉంది. వెనక నుంచి సన్నగా ఒకటే రొద.

రెండు రాత్రులు బేస్‌మెంటులో చీకట్లో ఉంచాం. పొద్దునా సాయంత్రం జాలీ మీద కాసిని చక్కెర నీళ్లు చిలకరించేవాణ్ని. జాలీ సందుల్లోంచి ఎర్రటి చిన్న నాలుకలు బయటికొచ్చేవి. సోమవారం ఎండ కాసింది. మధ్యాహ్నం మూడింటికి పెద్దాయన కంచె దాటి వచ్చారు.

ముందు రాణి ఈగను తీశారు. అగ్గిపెట్టె అంత పంజరంలో విడిగా ఉంటుంది, చుట్టూ నలుగురైదుగురు దాసీలతో. దాన్ని నా చేతికిచ్చి "జేబులో పెట్టుకో, చల్లారిపోకూడదు" అన్నారు. చొక్కా జేబులో పెట్టుకుని పైన కోటు వేసుకున్నాను. గుండె మీద ఏదో సన్నగా గీరినట్టు తెలుస్తోంది. రాణి కదులుతోందో, నా గుండే కొట్టుకుంటోందో చెప్పలేను.

ఆ పదివేల ఈగలకూ ఆ రాణికీ సంబంధం లేదు. రకరకాల పెట్టెల్లోంచి దులిపి ఒక డబ్బాలో పోస్తారు. రాణిని ఎక్కడో వేరేచోట పెంచి తెస్తారు. వెంటనే కలిపితే చంపేస్తాయి. అందుకని పంజరం మూతి దగ్గర గట్టి చక్కెర ముద్ద కూరి ఉంటుంది. లోపలి దాసీలూ బయటి ఈగలూ రెండు వైపులా దాన్ని కొరికి తినడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఈలోపు రాణి వాసన పెట్టెంతా పరుచుకుంటుంది. దారి తెరుచుకునే వేళకు ఆవిడే వాటి తల్లి.

పంజరాన్ని రెండు ఫ్రేముల మధ్య ఇరికించాం. తర్వాత పెద్దాయన డబ్బాను నేలకు ఒక్క పోటు పొడిచి, మూత తీసి బోర్లించారు. బస్తా మూతి విప్పి శనగలు పోసినట్టు ఈగలు జలజలా పడ్డాయి. నేను అడుగు వెనక్కి వేశాను, ఆయన కదల్లేదు. చేతులకు గ్లౌజులు కూడా లేవు. కొన్ని పైకి లేచి మా తలల చుట్టూ తిరిగాయి. ఇంతలో గుమ్మం దగ్గర పది ఇరవై ఈగలు తోక పైకెత్తి, రెక్కలు టపటపా ఆడించడం మొదలుపెట్టాయి. నిమ్మగడ్డి నలిపినట్టు వాసన. "రమ్మని పిలుస్తున్నాయి, ఇల్లు ఇక్కడే అని" అన్నారు పెద్దాయన. గాల్లో ఉన్నవి ఒక్కొక్కటే దిగి, మంచు అంచున నడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాయి. నా వయసుకు చాలా గృహప్రవేశాలు చూశాను, అలాంటిది మాత్రం చూడలేదు.

ఆ రాత్రి మళ్లీ నీళ్లు గడ్డకట్టే చలి. నిద్ర పట్టక పదకొండింటికి టార్చి పట్టుకుని వెళ్లాను. టోపీ తీసి పెట్టె చెక్కకు చెవి ఆనించాను. లోపల ఒక చప్పుడు. గుయ్‌మనడం కాదు, రొద అంతకన్నా కాదు. ఎక్కడో విన్నదే, బాగా తెలిసినదే. దేనిలా ఉందో మాత్రం ఎంతకీ తట్టలేదు. చెవి మొద్దుబారే దాకా ఉండి వచ్చేశాను.

అయిదో రోజు తెరిచి చూస్తే పంజరం ఖాళీ. పెద్దాయన ఫ్రేమును ఎండకు వంచి పట్టి, పెరలోని గది అడుగున చూడమన్నారు. మొదట ఏమీ కనిపించలేదు. కన్ను అలవాటు పడ్డాక కనిపించింది, సన్నటి నూకలాంటి తెల్లటి గుడ్డు నిటారుగా నిలబడి ఉంది. పక్క గదిలో ఇంకొకటి. ఆ పక్కన ఇంకొకటి.

అక్కడి నుంచి మూడు వారాలు కష్టకాలం. గుడ్డు ఈగై బయటికి రావడానికి ఇరవై ఒక్క రోజులు. ఈలోపు వచ్చిన ఈగలు ముసలివై రోజుకు కొన్ని రాలిపోతాయి. పుట్టేది లేదు, పోయేదే. పెట్టె రోజురోజుకూ పల్చబడుతుంటే ఏదో తప్పు చేశాననే అనుకున్నాను. పైన సీసాలో చక్కెర నీళ్లు పోస్తూనే ఉన్నాను, నీళ్లెన్నో చక్కెరా అంతే. మే నెలలో విల్లో చెట్లు పూశాయి, పచ్చిక నిండా డాండెలైన్లు వచ్చాయి. ఒక ఆదివారం ఫ్రేము పట్టుకుని ఉండగానే నా బొటనవేలి పక్కన మైనపు మూత కదిలింది. లోపల నుంచి చుట్టూ కొరుక్కుంటూ ఒక తల బయటికొచ్చింది. బూడిదరంగు నూగుతో, తడిసిన పిల్లిపిల్లలా ఉంది. ఒళ్లు ఇంకా ఆరలేదు. బయటికొచ్చి రెండడుగులు వేసి, పక్క గదిలోకి తల దూర్చి శుభ్రం చెయ్యడం మొదలుపెట్టింది. పుట్టగానే ఎవరూ చెప్పకుండానే పనిలోకి దిగింది.

ఆ వేసవి హాయిగా గడిచింది. జూన్‌కి రెండో పెట్టె ఎక్కించాను, జులైకి మూడోది. ఆగస్టుకి పెట్టె ముందు ఈగలు గడ్డంలా వేలాడేవి. ఆ సంబరంలోనే తప్పు చేశాను.

"పురుగు లెక్క చూశావా?" అని పెద్దాయన ఆగస్టులో రెండుసార్లు అడిగారు. వరోవా అని ఒక ఎర్రటి పురుగు, ఆవగింజంత కూడా ఉండదు. ఈగ ఒంటికి అంటుకుని తినేస్తుంది, మూత వేసిన గదుల్లో పిల్లల మీద పెరుగుతుంది, రోగాలు అంటిస్తుంది. దీని పుట్టినిల్లు మన ఆసియానే. అవ్వ జాడీలోని పుట్టతేనె చేసే ఈగ మీదే ఇది మొదటి నుంచీ బతికింది. మన ఈగకు దీనితో ఎలా నెగ్గుకురావాలో తెలుసు. ఒంటి మీద దులిపేసుకుంటుంది, పురుగు కూడా పోతుటీగల, అంటే మగ ఈగల, గదుల్లోనే పెరగగలుగుతుంది, కూలి ఈగల జోలికి పోలేదు. ఐరోపా ఈగకు ఆ విద్య లేదు. అమెరికాలో దీన్ని మొదట 1987లో కనిపెట్టారు. అప్పటి నుంచీ ఇక్కడ ఈగల్ని పెంచడమంటే ఈ పురుగుతో పోట్లాడటమే.

లెక్క చూడటానికి మూడు వందల ఈగల్ని ఆల్కహాల్‌లో ముంచి కడగాలి. అవి చచ్చిపోతాయి. నాకు చేతులు రాలేదు. ఇంత బలంగా ఉన్నాయి కదా, ఎందుకులే అనుకున్నాను. ఆగస్టు పోయింది, సెప్టెంబరు పోయింది.

నవంబరులో పెట్టె చుట్టూ నల్ల తొడుగు వేశాను. కింది గుమ్మం ఎలుకలు దూరకుండా సన్నం చేశాను, పైన గాలికి చిన్న చిల్లు ఉంచాను. చలికాలంలో ఈగలు నిద్రపోతాయని చాలామంది అనుకుంటారు. పోవు. పెట్టెలో చలి పధ్నాలుగు డిగ్రీల కిందికి దిగగానే అన్నీ ఒక బంతిలా దగ్గరవుతాయి, రాణి మధ్యలో. రెక్కలు కదపకుండా రెక్కల కండల్ని మాత్రం వణికించి వేడి పుట్టిస్తాయి. పిల్లలుంటే బంతి నడిమధ్య ముప్ఫై నాలుగు డిగ్రీలు, మన వేసవి పొద్దున అంత వేడి. అంచున ఉన్నవి తలలు లోపలికి పెట్టి గోడలా నిలబడతాయి. ఆ వేడికి కట్టె తేనె. నలభై కిలోల దాకా తింటాయి మినెసోటా చలికాలంలో. తింటూ తింటూ బంతి మెల్లగా పైకి జరుగుతుంది.

2019 జనవరి 30 పొద్దున మినియాపోలిస్‌లో మైనస్ 33 డిగ్రీలు. స్కూళ్లు మూశారు. ఉత్తరాల బట్వాడా కూడా ఆపేశారు. నేను ముక్కు దాకా చుట్టుకుని పెరట్లోకి వెళ్లాను. అంతకు వారం ముందు విన్నప్పుడు సన్నగా వినిపించిన చప్పుడు ఆ పొద్దున లేదు. గాలికేమో అనుకున్నాను. మర్నాడూ లేదు. ఫిబ్రవరిలో ఇక్కడ ఏ ఫిబ్రవరిలోనూ పడనంత మంచు పడింది, దాదాపు మీటరు. రోజూ పెట్టె వరకు దారి తవ్వుకుని వెళ్లేవాణ్ని. చెవి ఆనించి, వేలితో తట్టి వినేవాణ్ని. నెలాఖరున ఎండ కాసిన రోజు పెద్దాయన్ని పిలిచి మూత తీశాం.

ఒక ఫ్రేము మీద పిడికెడు ఈగలు. అంతే మిగిలాయి. సగం ఈగలు గదుల్లోకి తలలు దూర్చి, తోకలు మాత్రం బయటికి పెట్టి చచ్చిపోయి ఉన్నాయి, చివరి బొట్టు కోసం వెతికినట్టు. రెండంగుళాల అవతల మూత వేసిన తేనె నిండుగా ఉంది. అంత చలిలో అంత కొద్ది ఈగలు వేడిని విడిచి రెండంగుళాలు జరగలేకపోయాయి. మధ్యలో రాణి ఉంది. వీపు మీద పెద్దాయన గుర్తుగా పెట్టిన రంగు చుక్క అలాగే ఉంది.

పెద్దాయన ఒక ఖాళీ గదుల ఫ్రేమును తలకిందులుగా ఎండకు పట్టి చూపించారు. గదుల పైకప్పులకు ఉప్పు రవ్వల్లా తెల్లటి చుక్కలు అంటుకుని ఉన్నాయి. పురుగు పెంట. "వీటిని చంపింది జనవరి కాదు" అన్నారు నెమ్మదిగా. "ఆగస్టు." చలికాలం గట్టెక్కించే ఈగలు ఆగస్టు చివర్లో, సెప్టెంబరులో పుడతాయి. వేసవి ఈగ ఆరు వారాలు బతికితే, ఒంట్లో కొవ్వు పట్టి ఇవి అయిదారు నెలలు బతుకుతాయి. ఆ పిల్లలే పురుగు బారిన పడి పుడితే క్రిస్మస్ దాటవు. నేను మూడు వందల ఈగల్ని చంపలేక మొత్తాన్నీ చంపుకున్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. చచ్చిన ఈగల్ని మైనపు కాగితంలోకి ఊడ్చి, గులాబీ మొక్క మొదట్లో మంచు తవ్వి పెట్టాం.

ఇక నా వల్ల కాదనుకున్నాను. పెద్దాయన వినలేదు. మార్చిలో సెయింట్ పాల్‌లోని యూనివర్సిటీ తేనెటీగల ల్యాబ్ వాళ్ల పాఠాలకు పంపారు. చలి ప్రాంతాల్లో ఈగల పెంపకం మీద వాళ్లు చేసినంత పని చేసినవాళ్లు తక్కువ. మార్లా స్పివాక్ అనే శాస్త్రవేత్త అక్కడే రోగం సోకిన పిల్లల్ని తామే పసిగట్టి బయటికి లాగేసే ఈగల వంశాన్ని వృద్ధి చేశారు. 2010లో మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది ఆవిడకి. ఆ పాఠాల్లో నేర్చుకున్నవాటిలో నాకు బాగా పట్టుబడింది ఒకటే: ఈ దేశంలో చలికాలం పని ఎండాకాలంలో చెయ్యాలి. మే నెలలో పెద్దాయన చలికాలం దాటిన తన పెట్టెను రెండుగా విడగొట్టి, ఒక సగం నాకిచ్చారు. డబ్బు తీసుకోలేదు.

అదే నెలలో అమ్మ వచ్చింది. నాయన పోయాక మొదటిసారి ఒంటరిగా ప్రయాణం. వచ్చిన వారానికే పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పెట్టె పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. వాటి దారికి అడ్డం రాకుండా ఎక్కడ కూర్చోవాలో నేను చెప్పకముందే కనుక్కుంది. "పచ్చగా తెస్తా ఉండాయి కాళ్లకి, ఏంటిది?" అని అడిగేది. పుప్పొడి అని చెప్తే, "పిల్లలకా?" అనేది. రాణిని 'పెద్దమ్మ' అనేది. "పెద్దమ్మ కనపడిందా ఈ పొద్దు?" అని పెట్టె తెరిచిన ప్రతిసారీ ఆరా.

ఆగస్టు మొదటి శనివారం లెక్క చూశాం. ఈసారి ఆల్కహాల్ కాదు, చక్కెర పొడితో. అరకప్పు ఈగల్ని జాలీ మూత ఉన్న సీసాలో పోసి, మెత్తటి చక్కెర పొడి చల్లి, అటూ ఇటూ దొర్లించి, తెల్ల పళ్లెంలోకి దులిపితే పురుగులు పొడితోపాటు రాలతాయి. ఈగలు చావవు. పిండి పూసుకున్నట్టు తెల్లగా బయటికొచ్చి, ఒకదాన్నొకటి నాకి శుభ్రం చేసుకుంటాయి. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని పళ్లెం ఒళ్లో పెట్టుకుంది. నేను ఏడు లెక్కపెట్టాను. అమ్మ చేటలో బియ్యం ఏరినట్టు వేలి కొనతో ఒక్కొక్కదాన్ని పక్కకు తీస్తూ పదకొండు లెక్కపెట్టింది. మళ్లీ చూస్తే పదకొండే. నూటికి మూడు దాటితే మందు వెయ్యాలి, మూడు వందలకి తొమ్మిది.

"ఎన్ని రోజుల్లో వెయ్యాల?" అంది.

"ఈ వారంలోనే."

"మరి ఈ వారమంటే ఈ పొద్దే మంచిది కదా" అంది.

తేనె ఫ్రేములు తీసేసి, ఎండ ముదరని పూట చూసుకుని ఫార్మిక్ యాసిడ్ పట్టీలు పెట్టాం. తీసిన తేనె పన్నెండు కిలోలు వచ్చింది. అమ్మ వేలితో నాకి చూసి, "అవ్వ జాడీలోది ముదురు. ఇది పసిబిడ్డలాంటి తేనె" అంది. ఒక సీసా చీరల మధ్య చుట్టి ఊరికి తీసుకెళ్లింది.

సెప్టెంబరులో గోల్డెన్‌రాడ్ పూసింది. ఆ తేనె మగ్గేటప్పుడు పెట్టె చుట్టూ తడి సాక్సుల కంపు కొడుతుంది, మొదటిసారి వాసన చూసినవాళ్లు ఏదో చచ్చిందనుకుంటారు. ఆ నెలలోనే పోతుటీగల్ని బయటికి గెంటేస్తాయి. చలికాలంలో రాణికి మగ ఈగలతో పని లేదు, తినే నోరు తగ్గించుకుంటాయి. కూలి ఈగలు రెండేసి కలిసి ఒక్కో మగ ఈగను రెక్క పట్టి గుమ్మం దాకా లాక్కొచ్చి పడేస్తుంటే అమ్మ చూడలేకపోయింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పెట్టె ముందు గడ్డిలో ఒక సాసరు. అందులో చక్కెర నీళ్లు, మునిగిపోకుండా పుల్లలు. పక్కన పెద్ద కళ్ల పోతుటీగలు నాలుగైదు కదల్లేక పడున్నాయి. "బతకవమ్మా అవి" అన్నాను. "తెలుసులే. ఆకలితో పోకూడదు" అంది. అవి తమంతట తాము పూల మీద తినేవి కావు, చాలావరకు ఆ సాసరు దాకా కూడా పోలేకపోయాయి. అమ్మ పుల్ల కొనను చక్కెర నీళ్లలో ముంచి ఒకదాని నోటికి అందించింది. అది నాలుక చాపి తాగింది. చీకటి పడే దాకా అక్కడే కూర్చుంది.

అక్టోబరులో వెళ్లిపోయింది. నేను నల్ల తొడుగు వేశాను. ఈసారి మూత కింద తడి పీల్చే అట్ట కూడా పెట్టాను. ఈగల ఊపిరి ఆవిరై చల్లటి మూతకు తగిలి, నీళ్లై వాటి మీదే కారుతుంది. పొడిగా ఉన్న ఈగ ఎంత చలైనా ఓర్చుకుంటుంది, తడిస్తే ఓర్చుకోలేదు. నవంబరులో పెట్టెలో ఈగపిల్లలు లేని రోజుల్లో పురుగుకు మందుగా ఆక్సాలిక్ యాసిడ్ చుక్కలు ఫ్రేముల మధ్య పోశాను. మూడో పెట్టె తేనెతో బిగిసిపోయి, రెండు చేతులతో వంచితే కూడా కదల్లేదు.

ఆపైన చెయ్యడానికేం లేదు. వినడమే.

2020 జనవరిలో ఒక సాయంత్రం. మాకు ఏడు, ఊళ్లో ఉదయం ఆరున్నర. మైనస్ పద్దెనిమిది. రోజూ లాగే అమ్మ ఫోన్ చేసింది. రోజూ లాగే "అవి ఎట్లుండాయి?" అని అడిగింది. "నువ్వే విను" అని కోటు వేసుకుని పెరట్లోకి నడిచాను. బూట్ల కింద మంచు కరకరమంటోంది. పైన గాలి చిల్లు అంచున వాటి ఊపిరి గడ్డకట్టి తెల్లటి నూగులా పేరుకుంది. ఆ తెలుపు చూడగానే సగం ప్రాణం లేచొచ్చింది, ఊపిరి ఉంది కాబట్టి. ఫోను చిల్లుకు దగ్గరగా పెట్టి పట్టుకున్నాను.

"వినిపిస్తా ఉందా?"

"నువ్వు మాట్లాడకు" అంది.

నేనూ చెవి ఆనించాను. లోపల, చెక్క వెనక, అదే చప్పుడు. మొదటి రాత్రి విన్నదే, తెలిసీ పేరు తట్టనిదే.

చాలాసేపటికి అమ్మ గొంతు వచ్చింది. "ఎసరొస్తా ఉండాది రా. బియ్యం పొయ్యొచ్చు."

అదే. కట్టెల పొయ్యి మీద కుండలో నీళ్లు కాగి, ఇంకా తెర్లకముందు అడుగు నుంచి వచ్చే సన్నటి చప్పుడు. పొద్దున్నే చాప మీద పడుకుని కళ్లు తెరవకుండా విన్నది. దాని మీద మూత, మూత మీద అమ్మ బోర్లించిన గరిటె.

ఇంతలో చలికి ఫోను ఆరిపోయింది. లోపలికి పరిగెత్తి ఛార్జర్‌కి పెట్టాను. తెర వెలిగీ వెలగకముందే మోగింది.

"ఏమైంది రా, టక్కున ఆగిపాయె? ఫోనా, ఈగలా?"

"ఫోనేనమ్మా" అన్నాను.